క్లిప్పుల కంటే ముందు చిగుళ్లు

నలభై ఏళ్లు దాటాక ముందుపళ్ల మధ్య సందు కనిపించి, దాన్ని మూయించుకోవడానికి క్లిప్పులు వేయించుకోవాలనుకునేవారు మొదట తెలుసుకోవలసింది ఆ సందు ఎందుకు వచ్చిందన్నదే. చిన్ననాటి నుంచీ ఉన్న సందు వేరు. నడివయసులో కొత్తగా ఏర్పడేది చాలాసార్లు చిగుళ్ల జబ్బు వల్ల ఎముక తరిగి, పట్టు సడలిన పళ్లు పక్కకు జరగడంతో వస్తుంది.

పంటి వేరుకూ దవడ ఎముకకూ నడుమ సుమారు 0.2 మిల్లీమీటర్ల మందాన సన్నని నారపొర ఉంటుంది. క్లిప్పుల తీగ పన్నును నెట్టినప్పుడు ఒకవైపు ఈ పొర నొక్కుకుని అక్కడి ఎముక కరుగుతుంది, రెండోవైపు పొర సాగి కొత్త ఎముక పేరుకుంటుంది. ఇలా పన్ను నెలకు సుమారు 1 మిల్లీమీటరు జరుగుతుంది. చిగురు లోతుగా వాచి చీము పడుతున్నచోట ఇదే పని చేయిస్తే, కరిగిన ఎముక పూడకుండా నష్టం మరింత వేగంగా పెరుగుతుంది. జబ్బును ముందు అదుపులోకి తెస్తే మాత్రం, ఎముక కొంత తగ్గిన పళ్లను సైతం తేలికపాటి ఒత్తిడితో జరపవచ్చు.

అందుకే వైద్యులు గీతలున్న సన్నని కడ్డీతో పంటికీ చిగురుకూ మధ్య లోతు కొలుస్తారు. 3 మిల్లీమీటర్ల వరకు సాధారణం. 4 లేదా అంతకు మించి ఉండి రక్తం కూడా వస్తే ముందు చికిత్స చేయాలి. స్కేలింగ్ (పళ్లకు పట్టిన గారను గీకి తీయడం) చేయిస్తే పళ్లు వదులవుతాయన్న భయం మనవాళ్లలో బలంగా ఉంది గానీ, అప్పుడు బయటపడే సందులు అప్పటిదాకా గార, అంటే లాలాజలంలోని లవణాలతో గట్టిపడిన పాచి, కప్పి ఉంచినవే.

1965లో డెన్మార్క్‌లో హరాల్డ్ లో బృందం ఆరోగ్యవంతులైన 12 మంది చేత పళ్లు తోమడం మాన్పించి చూస్తే, మూడు వారాల లోపే అందరి చిగుళ్లూ వాచాయి. మళ్లీ తోమడం మొదలుపెట్టాక తగ్గిపోయాయి. క్లిప్పులున్న నోట్లో పాచి నిలవడానికి చోట్లు ఇంకా ఎక్కువ. బ్రాకెట్టుకూ (తీగను పట్టి ఉంచేందుకు పంటికి అతికించే బిళ్ల) చిగురుకూ మధ్య మిగిలే ఆ ఇరుకు పట్టీలో బ్రష్షును చిగురు వైపు 45 డిగ్రీలు వాల్చి మెల్లగా ఆడించాలి, తీగ కింద సందుల బ్రష్షును దూర్చాలి. ఉమ్మిలో ఎర్రని చార కనిపించిందని తోమడం ఆపకూడదు, ఆపితే వాపు పెరుగుతుంది. పొగతాగేవారి చిగుళ్ల నుంచి జబ్బు ఉన్నా రక్తం తక్కువగా వస్తుంది కనుక, వారు కొలత మీదే ఆధారపడాలి.

క్లిప్పులు తీశాక పళ్లు మళ్లీ జరగకుండా కింది ముందుపళ్ల వెనుక అతికించే తీగ దగ్గర గార మిగతా చోట్లకంటే ముందు పేరుకుంటుంది, లాలాజల నాళాలు తెరుచుకునేది సరిగ్గా అక్కడే.