లండన్ వదిలేశాక సొంత దుకాణం: ది ఫ్రేమ్స్ కథ

కళాకారులకు వారానికి 325 యూరోల చొప్పున ఇచ్చే పథకాన్ని ఇక శాశ్వతం చేస్తామని ఐర్లాండ్ ప్రభుత్వం 2025 అక్టోబరు బడ్జెట్‌లో ప్రకటించింది. 2022లో దీన్ని ప్రయోగంగా మొదలుపెట్టినప్పుడు తొమ్మిది వేలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ఎవరి పాట గొప్పదన్న తూకాల జోలికి పోకుండా, అర్హుల పేర్లన్నీ కలిపి లాటరీ తీసి 2,000 మందికి ఇచ్చారు. యూ2 లాంటి ప్రపంచ ప్రసిద్ధ రాక్ బ్యాండ్ పుట్టిన దేశంలో పాటగాళ్లకు సర్కారు భత్యం ఏమిటని ఎవరికైనా అనిపిస్తుంది. సమాధానం కావాలంటే యూ2ను పక్కనపెట్టి, అదే డబ్లిన్‌లో పుట్టిన ది ఫ్రేమ్స్ అనే బ్యాండ్ సంగతి చూడాలి.

1987లో వచ్చిన 'ది జాషువా ట్రీ' ఆల్బమ్‌తో యూ2 పేరు ప్రపంచమంతా మారుమోగింది. దాంతో లండన్ రికార్డు కంపెనీల కన్ను డబ్లిన్ మీద పడింది. రెండో యూ2 ఎక్కడ దొరుకుతుందా అని వాళ్ల మనుషులు పబ్బుల వెంట తిరిగారు, చాలామంది కుర్రాళ్లతో సంతకాలు పెట్టించుకున్నారు. సంతకం అయిందంటే జీవితం ఒడ్డున పడ్డట్టే అనుకున్న రోజులవి. కానీ లెక్కలు చూసేది లండన్‌లో. ఐర్లాండ్‌లో ఎంత అమ్ముడుపోయినా అక్కడి పద్దులో అది చిల్లర కిందే లెక్క. అనుకున్న స్థాయిలో ఆల్బమ్ ఆడకపోతే కంపెనీ చేతులు దులుపుకునేది.

ఫ్రేమ్స్ సారథి గ్లెన్ హన్సార్డ్‌ది డబ్లిన్ ఉత్తరాన ఉన్న బాలిమన్. అప్పట్లో ఎత్తైన ప్రభుత్వ ఫ్లాట్లకూ పేదరికానికీ పేరుపడ్డ పేట అది. పదమూడేళ్లకే బడి మానేసి, డబ్లిన్ నడిబొడ్డునున్న గ్రాఫ్టన్ స్ట్రీట్‌లో గిటార్ వాయిస్తూ పాడి చిల్లర పోగుచేసుకునేవాడు. చిన్నప్పుడు స్నేహితుల సైకిళ్లు బాగుచేసే అలవాటు ఉండటంతో ఇంటి చుట్టూ సైకిల్ ఫ్రేములు పడి ఉండేవి. చుట్టుపక్కలవాళ్లు ఫ్రేముల ఇల్లు అంటే ఆ ఇల్లే. 1990లో పెట్టిన బ్యాండ్‌కూ అదే పేరు ఖాయమైంది.

ఐలాండ్ రికార్డ్స్ అనే లండన్ కంపెనీ ఈ బ్యాండ్‌ను తీసుకుంది. తొలి ఆల్బమ్ పెద్దగా కదల్లేదు, కంపెనీ వదిలేసింది. ఈలోగా 1991లో అలన్ పార్కర్ సినిమా 'ది కమిట్‌మెంట్స్'లో హన్సార్డ్ గిటారిస్టు వేషం వేశాడు. సినిమా హిట్టయింది గానీ బ్యాండ్‌కు ఒరిగింది తక్కువ. చాలా ఏళ్లు జనం అతన్ని ఆ పాత్ర పేరుతోనే పిలిచారు. తర్వాత సంగీత నిర్మాత ట్రెవర్ హార్న్ లేబుల్ (రికార్డు కంపెనీ) జడ్‌టీటీతో 'ఫిట్జ్‌కరాల్డో', 1999లో 'డాన్స్ ది డెవిల్' వచ్చాయి. ఆ బంధమూ తెగింది. పదేళ్లలో రెండు కంపెనీలు. చేతిలో మిగిలింది ఐర్లాండ్‌లో ఊరూరా టికెట్టు కొని వచ్చే శ్రోతలు.

అప్పుడు పెట్టుకున్నదే ప్లాటో అనే సొంత లేబుల్. సొంతంగా చేసుకోవడం వాళ్లకు సిద్ధాంతమేమీ కాదు, గత్యంతరం లేక చేసిన పని. ఈ తేడా ముఖ్యమనుకుంటాను. స్వతంత్ర సంగీతం అనగానే కార్పొరేట్లను ధిక్కరించిన వీరుల కథలా చెప్పడం మనకు అలవాటైపోయింది. ఇక్కడ జరిగింది అది కాదు. తలుపు వేసేశారు, వీళ్లు పక్కనే కొట్టు తెరుచుకున్నారు. 2001లో 'ఫర్ ది బర్డ్స్' వచ్చింది. అందులో కొంత భాగాన్ని షికాగోలో రికార్డింగ్ ఇంజనీరు స్టీవ్ అల్బినీ రికార్డు చేశాడు. అమెరికాలో ఓవర్‌కోట్ అనే చిన్న లేబుల్ దాన్ని విడుదల చేసింది. కంపెనీల కాలంలో నింపిన హంగు ఇందులో లేదు. కొలమ్ మాక్ కాన్ ఇమారే ఫిడేలు, తగ్గి తగ్గి ఉన్నట్టుండి ఎగిసే హన్సార్డ్ గొంతు, మధ్యలో చాలా నిశ్శబ్దం.

2003 నాటి 'సెట్ లిస్ట్' డబ్లిన్‌లోని వికర్ స్ట్రీట్ హాల్లో జనం ముందు రికార్డయింది. పాటల మధ్య హన్సార్డ్ చెప్పే కబుర్లు కూడా డిస్క్‌లో అలాగే ఉంచేశారు. జనం గొంతులు అతని గొంతుతో పోటీపడుతుంటాయి. అతని గిటార్ ముందు చెక్క ఏళ్ల తరబడి దెబ్బలు తిని అరిగి చిల్లుపడింది, దాన్నే వాయిస్తాడు. ఆ ఆల్బమ్ ఐర్లాండ్‌లో నంబర్ వన్ అయింది. 2004లో వచ్చిన 'బర్న్ ది మ్యాప్స్' కూడా అంతే.

ఇది గిట్టుబాటు ఎలా అయింది? అప్పట్లో సుమారు నలభై లక్షల జనాభా ఉన్న దేశంలో 15,000 కాపీలు అమ్మితే ఆల్బమ్‌కు ప్లాటినం గుర్తింపు. బ్రిటన్‌లో దానికి మూడు లక్షలు అమ్మాలి. లండన్ కంపెనీకి ఆ పదిహేను వేలు లెక్కలోకి రావు. తన సీడీ తానే వేసుకుని, తన కచేరీ దగ్గర తానే అమ్ముకునే బ్యాండ్‌కు మాత్రం అదే బతుకుదెరువు. కళాకారులు సొంతంగా సృష్టించిన రచనల మీది ఆదాయానికి ఐర్లాండ్ 1969లోనే పన్ను మినహాయింపు ఇచ్చింది. గొప్ప చట్టమే, కాకపోతే ఆదాయమంటూ ఉన్నవాళ్లకు.

అదే దారిన వెళ్లిన గాయకుడు డేమియన్ రైస్ ఇంకా దూరం పోయాడు. పాలీగ్రామ్ అనే పెద్ద కంపెనీ చేతిలో ఉన్న జూనిపర్ బ్యాండ్ నుంచి బయటికొచ్చి కొంతకాలం ఇటలీలోని టస్కనీలో గడిపాడు. తిరిగొచ్చాక, బంధువైన సినీ సంగీత దర్శకుడు డేవిడ్ ఆర్నాల్డ్ సమకూర్చిన పరికరాలతో చాలావరకు ఇంట్లోనే 'ఓ' ఆల్బమ్ చేసుకుని 2002లో సొంత లేబుల్ మీద వదిలాడు. పెద్ద కంపెనీలు తర్వాత వచ్చాయి. జూనిపర్‌లో మిగిలినవాళ్లు బెల్ ఎక్స్1 అనే బ్యాండ్ అయి, కంపెనీ కాలం ముగిశాక వాళ్లూ సొంత లేబులే పెట్టుకున్నారు.

ఫ్రేమ్స్ విషయంలో అందరికీ తెలిసిన ఘట్టం ఆస్కార్. నిజానికి అది కూడా ఈ సొంత సంసారంలోంచి పుట్టిందే. హన్సార్డ్ కథానాయకుడిగా వేసిన 'వన్స్' సినిమా దర్శకుడు జాన్ కార్నీ ఒకప్పుడు ఫ్రేమ్స్‌లో బేస్ గిటారిస్టు. కథానాయిక మార్కెటా ఇర్గ్లోవా కుటుంబంతో పరిచయమైంది బ్యాండ్ చెక్ దేశంలో కచేరీలకు వెళ్లినప్పుడు. లక్ష యూరోలకు కొంచెం పైన ఖర్చుతో, మూడు వారాల లోపు షూటింగ్ ముగించారు. గ్రాఫ్టన్ స్ట్రీట్ సన్నివేశాలు అనుమతి లేకుండా దూరం నుంచి లెన్స్ పెట్టి తీసినవి, దారిన పోయేవాళ్లకు కెమెరా ఉన్నట్టే తెలియదు. 2008 ఫిబ్రవరిలో, అందులో హన్సార్డ్, ఇర్గ్లోవా కలిసి రాసి పాడిన 'ఫాలింగ్ స్లోలీ'కి ఉత్తమ పాట ఆస్కార్ వచ్చింది. ఇర్గ్లోవా నోరు తెరవకముందే ఆర్కెస్ట్రా మొదలైపోతే, వ్యాఖ్యాత జాన్ స్టీవర్ట్ విరామం తర్వాత ఆమెను మళ్లీ వేదిక మీదికి పిలిచాడు. ఇది మా ఒక్కరిదే కాదు, కష్టపడుతున్న స్వతంత్ర కళాకారులందరిదీ అన్న అర్థంలో ఆమె మాట్లాడింది.

ఆ విజయం తర్వాత హన్సార్డ్‌కు కొదవ లేకుండా పోయింది. కానీ అతను నడిచిన దారి వెనకవాళ్లకు మిగల్లేదు. ఫ్రేమ్స్ తరం నిలబడింది సీడీ మీద. కచేరీ అయ్యాక బల్ల దగ్గర చేతులు మారిన ప్రతి డిస్క్‌కూ డబ్బు ఆ రాత్రే వచ్చేది, అదే మర్నాటి వ్యాన్ పెట్రోలు. స్ట్రీమింగ్ వచ్చాక ఒక్కో వినికిడికి జమయ్యేది సెంట్‌లో కొంత భాగం. ఇంట్లో రికార్డు చేసుకోవడం మునుపెన్నడూ లేనంత చవకైంది, విడుదల చేయడానికి కంపెనీ అక్కర్లేదు. డబ్లిన్‌లో ఇంటి అద్దె మాత్రం 2001 నాటి గాయకుడు కలలో కూడా ఊహించనంత ఎక్కువ. పదిహేను వేల మంది అభిమానులు ఇప్పటికీ దొరుకుతారు. వాళ్లు నెలనెలా చెల్లించేది ఫోన్‌లోని యాప్‌కు.