డయాలసిస్ రోగుల్లో తికమక, తూలు: బి1 లోపంపై అపోహలు - వాస్తవాలు

డయాలసిస్ మీదున్న మనిషి ఉన్నట్టుండి పొంతన లేకుండా మాట్లాడినా, నడుస్తూ తూలినా ఇంట్లోవాళ్లు ముందుగా అడిగేది "క్రియాటినిన్ పెరిగిందా డాక్టర్?" అని. రక్తంలో మలినాలు పేరుకున్నా, షుగర్ పడిపోయినా, పక్షవాతం వచ్చినా ఇలా జరగొచ్చు. వాటితో పాటు థయమిన్, అంటే విటమిన్ బి1 లోపాన్ని కూడా అనుమానించాలి. త్వరగా గుర్తిస్తే దీనికి మంచి మందుంది. అందుకే ఇది మరుగున పడిపోతే నాకు చాలా బాధనిపిస్తుంది.

అపోహ: అది మద్యం తాగేవాళ్ల జబ్బు.

వాస్తవం: బి1 లోపంతో మెదడు దెబ్బతినే ఈ స్థితిని వెర్నికీ ఎన్‌సెఫలోపతి అంటారు. 1881లో కార్ల్ వెర్నికీ వివరించిన ముగ్గురు రోగుల్లో ఒకరు ఆసిడ్ తాగాక ఆగని వాంతులతో చిక్కిపోయిన యువతి. మద్యం ఒక కారణం మాత్రమే.

బి1 నీళ్లలో కరిగే చిన్న అణువు. మలినాలతో పాటు అదీ డయలైజర్ (డయాలసిస్ మిషన్‌లో రక్తాన్ని వడకట్టే ఫిల్టర్) గుండా బయటికి పోతుంది. పొట్టలోకి ద్రవం ఎక్కించి చేసే పెరిటోనియల్ డయాలసిస్‌లోనూ అంతే. ఒంట్లో దాని నిల్వ సుమారు 25-30 మిల్లీగ్రాములే, తిండి సరిగా లేకపోతే రెండు మూడు వారాల్లో అడుగంటుతుంది. ఈ రోగులకు ఆకలి ఎలాగూ తక్కువ. పొటాషియం తగ్గాలని కూరగాయలు ఉడికించిన నీళ్లు పారబోయమని మేమే చెబుతాం, ఆ నీళ్లతో బి1 కూడా పోతుంది. (అలాగని ఆ జాగ్రత్త మానేయకండి.) పైన వాంతులో, ఇన్ఫెక్షనో, ఆపరేషనో తోడైతే ముప్పు ఇంకా పెరుగుతుంది.

అపోహ: ఎంఆర్ఐ నార్మల్‌గా ఉంటే ఈ జబ్బు లేనట్టే.

వాస్తవం: కాదు. స్కాన్‌లో ఏమీ కనిపించకపోయినా జబ్బు ఉండొచ్చు. తికమక, నడకలో తూలు, కంటి కదలికల్లో తేడా అనే మూడూ కలిసి కనిపించేది కొద్దిమందిలోనే. ఒక్క తికమకే ఉన్నా అనుమానించాలి. రిపోర్టు వచ్చేదాకా ఆగకుండా బి1ను రక్తనాళంలోకి ఇవ్వాలి. ఈ దశలో మాత్రలు చాలవు. ఆలస్యమైతే జ్ఞాపకశక్తి శాశ్వతంగా దెబ్బతినొచ్చు, ప్రాణం మీదికీ రావొచ్చు.

అపోహ: నీరసంగా ఉంటే గ్లూకోజ్ ఎక్కిస్తే చాలు.

వాస్తవం: గ్లూకోజ్‌ను శక్తిగా మార్చాలంటే బి1 కావాలి. లోపం ఉన్నవాళ్లకు ఉత్త గ్లూకోజ్ ఇస్తే పరిస్థితి విషమించవచ్చు, బి1 కూడా ఇవ్వాలి. షుగర్ పడిపోయి ఉంటే మాత్రం గ్లూకోజ్ ఒక్క క్షణం కూడా ఆపకూడదు.

అపోహ: ఏదో ఒక మల్టీవిటమిన్ వేసుకుంటే సరిపోతుంది.

వాస్తవం: కిడ్నీ జబ్బులో విటమిన్ ఎ ఒంట్లో పేరుకుంటుంది. విటమిన్ సి మోతాదు మించితే ఆక్సలేట్ అనే వ్యర్థ పదార్థం పేరుకుంటుంది. కిడ్నీ రోగుల కోసం తయారైన బి విటమిన్ మాత్రలు వేరే ఉన్నాయి. మీకు అవసరమా, ఎంత మోతాదు అన్నది మీ నెఫ్రాలజిస్ట్‌ను అడగండి. డయాలసిస్ రోజున ఆ మాత్ర డయాలసిస్ అయ్యాకే వేసుకోవాలి, ముందు వేసుకుంటే కొంత అందులోనే పోతుంది.