వైశాఖం పెళ్లి, అండమాన్ హనీమూన్, ఒక సన్‌స్క్రీన్ అణువు

రాజమండ్రి నుంచి ఒక పాఠకురాలు అడిగారు: "వైశాఖంలో పెళ్లి. ఆషాఢం రాకముందే అండమాన్ వెళ్లొద్దామనుకుంటున్నాం. సముద్రానికి హాని జరగకూడదు. రీఫ్ సేఫ్ అని రాసి ఉన్న సన్‌స్క్రీన్ కొంటే సరిపోతుందా?"

ప్లాస్టిక్ సీసాలు వాడకండి, హోటల్ తువ్వాళ్లు రోజూ ఉతికించకండి లాంటివి ఎవరైనా చెబుతారు. నేను వాటి జోలికి పోను. సన్‌స్క్రీన్ ప్రశ్నను మాత్రం వదలబుద్ధి కావడం లేదు. రీఫ్ అంటే పగడపు దిబ్బ.

ఆక్సీబెంజోన్ అనే పదార్థం పగడాలను చంపుతోందని, అది ఉన్న సన్‌స్క్రీన్‌ల అమ్మకాన్ని ఆపాలని హవాయి 2018లో చట్టం చేసింది. ఆ చట్టం 2021 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. పసిఫిక్‌లోని చిన్న దేశం పలావు అంతకు ఏడాది ముందే ఆపేసింది. థాయ్‌లాండ్ 2021లో తన సముద్ర జాతీయ పార్కుల్లో నిషేధించింది. ఇన్ని నిషేధాలు వచ్చినా ఒక చిక్కు అలాగే ఉండిపోయింది. ఆక్సీబెంజోన్ పని అతినీలలోహిత కిరణాలను మింగడమే కదా? మన చర్మాన్ని కాపాడేది పగడాన్ని కూడా కాపాడాలి. మరి చంపడమేమిటి?

2022లో స్టాన్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు 'సైన్స్' పత్రికలో దీనికి జవాబు ఇచ్చారు. దాన్ని చెప్పడానికి వంటింట్లోని ప్రెషర్ కుక్కర్‌ను మించింది లేదు. ఆక్సీబెంజోన్ అణువులో ఒక ఆక్సిజన్‌ను అంటుకుని హైడ్రోజన్ ఉంటుంది. దానికి ఎదురుగా, చాలా దగ్గరగా, ఇంకో ఆక్సిజన్ ఉంటుంది. కిరణం తగలగానే ఆ హైడ్రోజన్ నుంచి ప్రోటాన్ లేచి ఎదుటి ఆక్సిజన్ మీదికి వెళ్తుంది. మింగిన శక్తి వేడిగా బయటికి పోతుంది. ప్రోటాన్ మళ్లీ వచ్చి తన చోట కూర్చుంటుంది. కుక్కర్ మీద వెయిట్ చేసే పని అచ్చం ఇదే: లేస్తుంది, ఆవిరి వదులుతుంది, కూర్చుంటుంది. ఇదంతా సెకనులో లక్ష కోట్లవ వంతులు కొన్నిటిలోనే అయిపోతుంది. అందుకే ఒకే అణువు మళ్లీ మళ్లీ కిరణాలను మింగగలుగుతుంది.

ఇప్పుడు ఈ అణువు పగడానికి దగ్గరి బంధువైన సీ అనిమోన్ అనే సముద్ర జంతువు ఒంట్లోకి చేరిందనుకోండి. నూనెలో కరిగే పరాయి పదార్థం ఏది లోపలికి వచ్చినా దానికి గ్లూకోజ్ లాంటిదొకటి తగిలించి, నీటిలో కరిగేలా చేసి వదిలించుకోవడం జంతువులకు మామూలే. మన కాలేయం కూడా ఇలాంటి పనే చేస్తుంది. అనిమోన్ ఆ గ్లూకోజ్‌ను తగిలించేది సరిగ్గా ఆ హైడ్రోజన్ ఉన్న చోటే. హైడ్రోజన్ పోయింది, దాని స్థానంలో కదలని గ్లూకోజ్ వచ్చి కూర్చుంది. అంటే కుక్కర్ వెయిట్ తీసేసి, గొట్టానికి బిరడా బిగించినట్టు. కింద మంట మాత్రం ఆగలేదు. అణువు కిరణాలను మింగుతూనే ఉంటుంది, శక్తికి దారి లేదు. శక్తి నిండిన ఆ అణువు 'ట్రిప్లెట్' అనే స్థితిలోకి మారి ఎక్కువసేపు అలాగే నిలబడుతుంది. ఆలోగా చుట్టూ ఉన్న అణువులను ఆక్సీకరించి పాడుచేస్తుంది. విషం విరగ్గొట్టడానికి చేసిన పనే విషాన్ని పుట్టించింది. ప్రయోగంలో ఎండలాంటి వెలుతురు, ఆక్సీబెంజోన్ రెండూ తగిలిన అనిమోన్‌లు 17 రోజుల్లో అన్నీ చచ్చిపోయాయి. అతినీలలోహితం లేని వెలుతురులో అదే మందు కలిపిన నీళ్లలో ఉన్నవి బతికాయి.

నాకు ఇంకా నచ్చింది తర్వాతి భాగం. పగడాల కణాల్లో, ఈ అనిమోన్‌ల కణాల్లో కూడా, సూక్ష్మ శైవలాలు (కంటికి కనపడని నాచు లాంటివి) కాపురం ఉంటాయి. పగడానికి కావలసిన శక్తిలో 90 శాతం దాకా అవే వండి పెడతాయి. ఈ బిరడా బిగిసిన అణువులను చాలావరకు తమలోకి లాక్కున్నది కూడా అవే. శైవలాలు లేని అనిమోన్‌లు ముందుగా చచ్చిపోయాయి. స్కూల్లో సహజీవనం అనగానే లైకెన్ బొమ్మ గీయించి రెండు మార్కులు వేసేస్తాం. జంటలో ఒకరు వెళ్లిపోతే రెండోవారి గతేమిటని ఏ పరీక్షలోనూ అడగం. అసలు పాఠం అక్కడే ఉంది.

ఎందుకంటే నీరు వేడెక్కితే పగడం ఆ శైవలాలను బయటికి నెట్టేస్తుంది. బ్లీచింగ్ అంటే అదే. ఆ చోట ఏడాదిలో అన్నిటికన్నా వెచ్చటి నెల సగటు కన్నా 1 డిగ్రీ ఎక్కువ వేడి నాలుగు వారాలు నిలిస్తే గణనీయంగా తెల్లబడటం, ఎనిమిది వారాలైతే పెద్దఎత్తున చావులు ఉంటాయని అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ నోవా (NOAA) లెక్క. అండమాన్‌లో నీరు బాగా వేడెక్కేది రుతుపవనాలకు ముందు, ఏప్రిల్, మే నెలల్లో. 1998, 2010, 2016 సంవత్సరాల్లో అక్కడి పగడాలు తెల్లబడ్డాయి.

వైశాఖ, జ్యేష్ఠాల పెళ్లిళ్లు సరిగ్గా అప్పుడే. ఆషాఢంలో కొత్త జంట కలిసి ఉండకూడదంటారు కాబట్టి ఈలోపే హనీమూన్ తొందర. ఆ ఆచారానికి 'ఎండాకాలం కాన్పు రాకుండా' అని సైన్స్ కారణం అతికించిన వాట్సాప్ మెసేజీలు ఏటా వస్తాయి. దాని మీద వాదించే ఓపిక నాకు లేదు. ముహూర్తాల మీద నమ్మకమూ లేదు. కానీ పగడం తన శైవలాల కవచం పోగొట్టుకునే నెలల్లోనే మనల్ని క్రీము పూసుకుని నీళ్లలో దిగేలా చేస్తోంది ఆ క్యాలెండరే.

భయపెట్టడం నా ఉద్దేశం కాదు. ప్రయోగంలో వాడిన మోతాదు సముద్రంలో సాధారణంగా కొలిచే దానికన్నా చాలా ఎక్కువ. పగడాలకు అసలు శత్రువు వేడి. అందుకే విమానం లెక్క కూడా చూడాలి. కిలో విమాన ఇంధనం మండితే 3.16 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. దూరం పెరిగేకొద్దీ మండే ఇంధనమూ పెరుగుతుంది. హైదరాబాద్ నుంచి పోర్ట్ బ్లెయిర్ (ఇప్పటి పేరు శ్రీ విజయపురం) సుమారు 1,650 కిలోమీటర్లు. మాల్దీవులూ అటూ ఇటుగా అంతే. బాలీ మాత్రం దాదాపు 5,000. విశాఖ నుంచి ఓడ కూడా ఉంది, కానీ రెండున్నర రోజుల సముద్ర ప్రయాణంలో వాంతులతో కొత్త కాపురం మొదలుపెట్టమని నేను చెప్పలేను.

ఇక అడిగిన ప్రశ్న. 'రీఫ్ సేఫ్' అనే మాటకు అమెరికాలో కూడా చట్టపరమైన నిర్వచనం లేదు. సీసా వెనక పదార్థాల జాబితాలో ఆక్సీబెంజోన్ ఉందేమో చదవండి. హోమోసలేట్, ఆక్టిసలేట్ కూడా ఆ హైడ్రోజన్ కిటుకు మీదే పనిచేస్తాయి కాబట్టి వాటి మీదా నాకు అనుమానమే. జింక్ ఆక్సైడ్ నయం. అంతకన్నా నయం ఈత కోసం కుట్టిన పొడుగు చేతుల చొక్కా. తెల్లటి కాటన్ టీషర్టు వద్దు, తడిస్తే అది కిరణాలను ఇంకా ఎక్కువ లోపలికి వదులుతుంది. చొక్కా వేసుకుంటే క్రీము ముఖానికి, మెడకు చాలు. ముహూర్తం మార్చగలిగితే మార్గశిరమో మాఘమో చూడండి, నీరు చల్లగా ఉంటుంది. శ్రావణంలో అక్కడ వానలు, సముద్రం అల్లకల్లోలం.

అండమాన్‌లోని నీల్ ద్వీపంలో (ఇప్పటి పేరు షహీద్ ద్వీప్) ఆటు సమయాన రాతి వంతెన చూడటానికి రీఫ్ మీదుగానే నడిపిస్తారు. ఇసుక ఉన్న చోటే అడుగు వేయండి. గుర్తుగా పగడం ముక్క, చచ్చినదైనా సరే, సూట్‌కేసులో పెట్టుకోవద్దు. 2001 నుంచి పగడాలు వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి, పులితో సమానంగా.