పాలపళ్ళ నుంచి ఆరేళ్ల దవడపన్ను దాకా: అపోహలు - వాస్తవాలు

గాజువాకలో దంతవైద్యం చేస్తున్న నా దగ్గరికి నొప్పితో వచ్చేవారు ఎంతమందో, పిల్లల పళ్ళ గురించి అనుమానాలతో వచ్చే తల్లులు, నాయనమ్మలు కూడా ఇంచుమించు అంతమందే. ఆ అనుమానాల్లో చాలావాటికి మూలం ఒక్కటే: పన్ను చిగురు దాటి కనిపించిన రోజే అది పుట్టిందని మనం అనుకోవడం. కంటికి కనిపించేది కిరీటం మాత్రమే. ఎముకలో నాటుకున్న వేరు, కిరీటాన్ని కప్పే ఎనామెల్, దాని కింద డెంటిన్, నడుమ నరాలు, రక్తనాళాలతో నిండిన పల్ప్ అన్నీ కలిస్తేనే పన్ను.

అపోహ: పళ్ళు ఆరో నెలలో పుడతాయి. ఆలస్యమైతే కాల్షియం మందు పట్టించాలి.

వాస్తవం: ఆరో నెల సుమారుగా మొదటి పన్ను బయటపడే సమయం. అది తయారవడం తల్లి గర్భంలోనే, ఆరో వారం ప్రాంతంలో, పిండం దవడల అంచు వెంట పైపొర కణజాలం మందమై పట్టీలా ఏర్పడటంతో మొదలవుతుంది. ఆ పట్టీ మీద పై దవడకు పది, కింది దవడకు పది మొగ్గలు పుడతాయి. అవి మొగ్గ దశ, టోపీ దశ, గంట దశ దాటాక పైపొర నుంచి వచ్చిన కణాలు ఎనామెల్‌ను, వాటి కింద ఉన్న కణాలు డెంటిన్‌ను పేర్చుకుంటూ వెళతాయి. గర్భం నాలుగో నెలకే పాలపళ్ళలో ఖనిజం చేరడం మొదలవుతుంది. డెంటిన్‌ను తయారుచేసే కణాలు పల్ప్ అంచున జీవితమంతా ఉంటాయి గానీ, ఎనామెల్ కణాలు పన్ను బయటపడేసరికి నశిస్తాయి. అరిగిన ఎనామెల్ మళ్లీ పెరగకపోవడానికి కారణం ఇదే. టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మందు, లోపల ఇంకా తయారవుతున్న పంటి ఖనిజంతో కలిసిపోయి, ఎంత తోమినా పోని మరకగా మిగులుతుంది గనుక గర్భిణులకు, ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు దాన్ని సాధారణంగా ఇవ్వరు. ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు కాల్షియం మందు పట్టించినంత మాత్రాన పళ్ళు తొందరగా రావు. ఏడాది దాటినా ఒక్క పన్నూ కనిపించకపోతే ఒకసారి చూపించుకుంటే చాలు.

అపోహ: పళ్ళు వచ్చేటప్పుడు జ్వరం, విరేచనాలు మామూలే.

వాస్తవం: చిగురు దురద, చొంగ, చిరాకు మామూలే. 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ దాటిన జ్వరం మాత్రం పళ్ళది కాదు. తల్లి నుంచి వచ్చిన రక్షణ తగ్గడం, చేతికందిన ప్రతి వస్తువూ నోట్లో పెట్టుకోవడం ఆ నెలల్లోనే జరుగుతాయి కాబట్టి నింద పళ్ళ మీద పడుతోంది.

అపోహ: పై పళ్ళు ముందు వచ్చినా, పళ్ళతో బిడ్డ పుట్టినా మేనమామకు గండం.

వాస్తవం: ఎక్కువమందికి కింది ముందుపళ్ళు మొదట వస్తాయి, కొందరికి పైవి వస్తాయి, అది వరుసలో తేడా మాత్రమే. పుట్టుకతో కనిపించే పన్ను కూడా సాధారణంగా అదనపు పన్ను కాదు, తొందరపడి బయటికి వచ్చిన పాలపన్నే. అది బాగా కదులుతూ ఊడి గొంతులోకి జారే ప్రమాదం ఉంటేనో, బిడ్డ నాలుకను గాయపరుస్తుంటేనో తీస్తాం తప్ప మేనమామ కోసం తీయం.

అపోహ: పాలపళ్ళకు వేర్లు ఉండవు.

వాస్తవం: ఆర్కే బీచ్‌లో మొక్కజొన్న పొత్తు కొరుకుతుండగా ఊడిన బాబు పన్నును కాగితంలో పొట్లం కట్టుకొచ్చి, "వేరు లోపలే విరిగిపోయిందేమో చూడండి డాక్టరు గారూ" అని ఒక తల్లి అడిగారు. పన్నును తిప్పి చూస్తే అడుగున లోపలికి గుంట, చుట్టూ గరుకైన అంచు, కొద్దిగా రక్తపు మరక. అంతకుమించి ఏమీ లేదు. ఆ పన్నుకు వేరు ఉండేది. కింద నుంచి శాశ్వత పన్ను పైకి వచ్చేకొద్దీ ప్రత్యేక కణాలు ఆ వేరును కొద్దికొద్దిగా కరిగించాయి, పట్టు పోయాక కిరీటం ఊడింది. ఆ కాలం రాకముందే పుచ్చిన పాలపన్నును పీకవలసి వస్తే చక్కని పొడవైన వేర్లతోనే బయటికి వస్తుంది.

అపోహ: ఎలాగూ ఊడిపోయే పళ్ళకు వైద్యం దండగ.

వాస్తవం: నా దృష్టిలో అన్నింటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్నది ఈ నమ్మకమే. ఆరేళ్ల వయసులో, పాల దవడపళ్ళకు వెనుక, ఏ పన్నూ ఊడకుండానే ఒక కొత్త దవడపన్ను వస్తుంది. ఏదీ ఊడలేదు కాబట్టి ఇదీ పాలపన్నే అనుకుని ఇంట్లో పట్టించుకోరు. నిజానికి అది మొదటి శాశ్వత దవడపన్ను. దానిలో ఖనిజం చేరడం బిడ్డ పుట్టే సమయానికే మొదలవుతుంది, వేర్లు పూర్తయ్యేసరికి తొమ్మిది, పదేళ్లు నిండుతాయి. ముందు నుంచి లెక్కపెడితే ఆరో పన్ను, వచ్చేది ఆరో ఏట. ఈ ఒక్క లెక్క గుర్తుంటే చాలు. దాని పైభాగంలోని లోతైన గాడుల్లో తిండి ఇరుక్కుని త్వరగా పుచ్చుతుంది గనుక, వచ్చిన కొత్తలోనే ఆ గాడులను సీలెంట్ అనే పలుచని పూతతో మూయించమని చెబుతాను.

దీనికి ముందున్న రెండో పాల దవడపన్ను పది నుంచి పన్నెండేళ్ల మధ్య ఊడాలి. పాలపళ్ళ ఎనామెల్ పలుచన, పల్ప్ పెద్దది కాబట్టి పుచ్చు త్వరగా లోపలికి చేరుతుంది. వైద్యం చేయించకుండా ఆ పన్నును ఏడేళ్లకే పీకిస్తే వెనుకనున్న ఆరేళ్ల పన్ను ముందుకు జరిగి చోటును ఆక్రమిస్తుంది, కింద నుంచి రావలసిన పన్నుకు దారి ఉండదు. తర్వాత క్లిప్పులకు పెట్టే ఖర్చు ముందు, అప్పుడే సిమెంటు పెట్టించడానికి అయ్యే ఖర్చు ఏ మూలకూ రాదు.

అపోహ: చీటీలో "46వ పన్ను" అని రాశారంటే పొరపాటే. పళ్ళే 32 కదా.

వాస్తవం: అది నలభై ఆరు కాదు, నాలుగు, ఆరు. నోటిని నాలుగు భాగాలు చేసి, రోగికి కుడివైపు పైభాగం 1, ఎడమ పై 2, ఎడమ కింద 3, కుడి కింద 4 అంటాం. రెండో అంకె నడిమధ్య నుంచి లెక్క. 46 అంటే కుడి కింద ఆరో పన్ను, అంటే పైన చెప్పిన ఆరేళ్ల పన్నే. పాలపళ్ళకు భాగాల అంకెలు 5 నుంచి 8.

అపోహ: కొత్తగా వచ్చిన పళ్ళు పచ్చగా, రంపపు అంచుతో ఉంటే రోగం.

వాస్తవం: శాశ్వత పన్ను పాలపన్ను కన్నా పచ్చగానే ఉంటుంది, పసుపు ఛాయ లోపలి డెంటిన్‌ది. అంచు వాడకంలో అరిగి నున్నబడుతుంది.

అపోహ: పై పన్ను తీయిస్తే కంటిచూపు పోతుంది.

వాస్తవం: పై పళ్ళకు స్పర్శ, నొప్పి తెలిపేది మెదడు నుంచి నేరుగా వచ్చే కపాల నాడుల్లో ఐదోదాని రెండో శాఖ, చూపు రెండో కపాల నాడిది. రెండూ వేర్వేరు. పళ్ళు తీయించుకునే నలభై, యాభై ఏళ్ల వయసులోనే దగ్గరి చూపు తగ్గడం కూడా సహజంగా మొదలవుతుంది కాబట్టి ఒకదాని తప్పు మరొకదాని మీద పడింది. కంటికి ముప్పు అరుదుగానైనా వచ్చేది తీసిన పన్ను నుంచి కాదు, తీయించకుండా ఉంచుకున్న చీము పట్టిన పన్ను నుంచే. పై దవడ నొప్పితో పాటు కంటి కింద వాపు పెరుగుతూ, రెప్ప మూసుకుపోతూ, జ్వరం వస్తుంటే తెల్లవారేదాకా ఆగకుండా ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లాలి.