పావురానికి ఆయాసం వస్తే

ప్రియమైన పిల్లలకు,

మీ పావురం తుమ్ముతోందనీ, ఒక కంటి నుంచి నీరు కారుతోందనీ రాశారు. మామూలు జలుబే కదా అని అడిగారు. కాకపోవచ్చు.

పక్షి ఊపిరి తీరే వేరు. మనకు ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే కండరపు పొర దానికి లేదు. ఊపిరితిత్తులు పెద్దగా సాగవు. వాటికి తోడుగా ఉన్న తొమ్మిది గాలిసంచులే కొలిమితిత్తుల్లా గాలిని తోస్తాయి. రొమ్ముఎముక కదిలితేనే ఆ పని జరుగుతుంది. అందుకే పక్షి ఛాతీని గట్టిగా పట్టుకోకూడదు. ఆయాసపడుతున్నదాన్ని అలా పట్టుకుంటే ప్రాణానికే ముప్పు.

ఎండలో ఎగిరి వచ్చాక కాసేపు నోరు తెరిచి రొప్పితే భయం లేదు, ఒళ్లు చల్లబరచుకుంటోందన్నమాట. ఊరికే కూర్చుని కూడా నోరు తెరుస్తున్నా, ప్రతి ఊపిరికీ తోక పైకీ కిందికీ ఊగుతున్నా ఆలస్యం చేయకండి. ముక్కు మీది తెల్లని ఉబ్బునూ చూడండి. పెద్ద పావురాల్లో అది సుద్దలా ఉండాలి, ముక్కు కారితే మాసిపోతుంది.

కారణాలు చాలా: క్లమీడియా, మైకోప్లాస్మా అనే బాక్టీరియాలు, హెర్పిస్ వైరస్, ఆస్పర్జిల్లస్ అనే బూజు. ట్రైకోమోనాస్ అనే ఏకకణజీవి గొంతులో పసుపు గడ్డలు పుట్టించి గాలికి అడ్డుపడుతుంది. పావురాలకే కాదు, గువ్వలకూ వస్తుంది. ఒకే గిన్నెలో నీళ్లు తాగడం వల్లా, తల్లిదండ్రులు తమ గొంతుసంచిలో ఊరించి పిల్లలకు పట్టే గొంతుపాల వల్లా పాకుతుంది. క్లమీడియాకు పశువైద్యులు సాధారణంగా ఇచ్చే డాక్సీసైక్లిన్ అనే మందు ట్రైకోమోనాస్ మీద పనిచేయదు. ఎవరో మిగిల్చిన మందు పోసేయడం నాకు అసలు నచ్చని అలవాటు. డాక్టర్ డాక్సీసైక్లిన్ ఇస్తే గవ్వపొడి, సున్నం కలిసిన గ్రిట్ (పావురాలు మింగే సన్నని రాళ్లు) మేపవచ్చా అని అడగండి. వాటిలోని కాల్షియం ఆ మందును ఒంటికి సరిగా పట్టనివ్వదు.

గూటి గాలిని మాత్రం మీరే బాగుచేయవచ్చు. తడిసిన రెట్ట నుంచి వచ్చే అమ్మోనియా ఘాటు, ఈకల దుమ్ము, ఇరుకు, ఇవన్నీ శ్వాసనాళాలను దెబ్బతీసి జబ్బుకు దారి ఇస్తాయి. గూడు పొడిగా, గాలి ఆడేలా ఉంచండి.

ఒక జాగ్రత్త. క్లమీడియా మనుషులకూ సోకి జ్వరం, న్యుమోనియా తెస్తుంది. ఎండిన రెట్టను ఊడవకండి. నీళ్లు చల్లి, మాస్కు పెట్టుకుని పెద్దవాళ్లు తీయాలి. మీలో ఎవరికైనా జ్వరం, దగ్గు వస్తే పావురాలు పెంచుతున్నామని డాక్టర్‌కు ముందే చెప్పండి.

ప్రస్తుతానికి జబ్బుపడ్డదాన్ని వేరే పెట్టెలో, వెచ్చగా, విడిగా నీళ్ల గిన్నెతో ఉంచి, ఈరోజే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. గొంతు కూడా చూడమని గుర్తుచేయండి.

మీ తాతయ్య