ఫోన్ల జాడలో మహమ్మారి లెక్క

లాక్‌డౌన్ వల్ల జనసంచారం నిజంగా తగ్గిందా అన్న ప్రశ్నకు 2020లో స్మార్ట్‌ఫోన్ల లొకేషన్ సమాచారంలో జవాబు వెతికారు. ఈ పద్ధతి అప్పటికప్పుడు పుట్టినది కాదు. దీని మొదటి పాఠాలు సాదా ఫోన్ల కాల్ రికార్డుల్లో ఉన్నాయి.

కెన్యాలో 2008-09లో దాదాపు కోటిన్నర ఫోన్ల కాల్స్, సందేశాలు ఏయే సెల్ టవర్ల పరిధిలో నమోదయ్యాయో పరిశీలించి, మలేరియా పరాన్నజీవి మనుషుల వెంట ఎక్కడి నుంచి ఎక్కడికి చేరుతోందో ఏమీ వెసొలోవ్‌స్కీ, కరోలిన్ బకీ తదితరులు అంచనా వేశారు. విక్టోరియా సరస్సు పరిసరాల నుంచి ప్రయాణికులు దానిని నైరోబీ వైపు మోసుకువెళుతున్నారని 2012లో వెలువడిన ఆ అధ్యయనం చూపింది. అంతకుముందే, 2010 భూకంపం తర్వాత హైతీలో కలరా చెలరేగినప్పుడు, రోగం సోకిన ప్రాంతం నుంచి జనం ఎటు తరలుతున్నారో సిమ్ కార్డుల కదలికలను బట్టి లైనస్ బెంగ్ట్‌సన్ బృందం గుర్తించింది.

ప్రమాదం కూడా త్వరలోనే బయటపడింది. పేర్లు తొలగించిన సమాచారమైనా, స్థలమూ సమయమూ కలిపిన నాలుగు ఆనవాళ్లు చాలు, నూటికి 95 మందిని మిగతావారి నుంచి వేరుచేసి గుర్తించవచ్చని 15 లక్షల మంది ఫోన్ రికార్డులపై 2013లో వచ్చిన పరిశోధన తేల్చింది. అందుకే 2020 ఏప్రిల్ నుంచి 2022 అక్టోబరు దాకా గూగుల్ ఇచ్చిన సంచార నివేదికల్లో వ్యక్తుల జాడలు కాక, దుకాణాలు, కార్యాలయాలు, ఇళ్ల వంటి స్థలాలవారీగా సంచారం ఎంత మారిందో తెలిపే శాతాలు మాత్రమే ఉన్నాయి. పోలికకు ఆధారం 2020 జనవరి 3 నుంచి ఫిబ్రవరి 6 వరకు గల రోజులు. తెలుగు రాష్ట్రాల అంకెలను చదివేవారు ఆ ఐదు వారాల్లో సంక్రాంతి కూడా ఉందని గమనించాలి. అయితే సోమవారానికి, మంగళవారానికి ఇలా వారంలోని ఒక్కో రోజుకు విడిగా ఆ ఐదు వారాల మధ్యస్థ విలువను (వరుసలో నడిమి అంకెను) తీసుకున్నందువల్ల పండుగ ప్రయాణాల ప్రభావం కొంత అణగుతుంది.

నా దృష్టిలో అన్నిటికన్నా విలువైన ఫలితం అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులది. పది మహానగర ప్రాంతాల్లోని 9 కోట్ల 80 లక్షల జనాభా సంచారాన్ని గణిత నమూనాగా మలచిన ఆ అధ్యయనంలో, పేదల పేటలవారు రాకపోకలను సంపన్నులంతగా తగ్గించుకోలేకపోయారనీ, వారు వెళ్లే కిరాణా దుకాణాలు మరింత కిక్కిరిసి ఉన్నాయనీ తేలింది. బయట కనిపించిన ఫోను నిబంధనను ధిక్కరించిన మనిషిదని అనుకోవడం ఎంత అన్యాయమో దీన్నిబట్టి తెలుస్తుంది.

అయితే అసలు ఫోన్ల లెక్కలోకే రానివారి సంగతి వేరు. అమెరికాలో ఇలాంటి లొకేషన్ సమాచారాన్నే నార్త్ కరొలైనా ఓటర్ల రికార్డులతో సరిపోల్చిన పరిశోధకులకు, అందులో వృద్ధులూ శ్వేతజాతీయేతరులూ ఉండవలసినదానికన్నా తక్కువగా కనిపించారు. కోవిడ్ మరణాల్లో ఎక్కువ భారం పడింది వృద్ధుల మీదే.