రథసప్తమి: అపోహలు - వాస్తవాలు (కోనసీమ వాకిళ్ల నుంచి)

మాఘమాసం వచ్చిందంటే మా పౌరోహిత్యం వాళ్లకి ఫోన్లే ఫోన్లు. అందులో సగం భయాలు.

అపోహ: రథసప్తమి గ్రహణంతో సమానం. గర్భిణులు బయటికి రాకూడదు, రాత్రి వండినవి పారబోయాలి.

వాస్తవం: "సూర్యగ్రహణతుల్యా తు శుక్లా మాఘస్య సప్తమీ" అన్న శ్లోకం సగం విని పుట్టించిన భయం ఇది. గ్రహణవేళ స్నానానికి ఎంత పుణ్యమో ఈనాటి అరుణోదయ స్నానానికి అంత పుణ్యం, అంతవరకే దాని తాత్పర్యం. దర్భలు వెయ్యక్కర్లేదు, పట్టు, విడుపు అసలే లేవు. అసలు సూర్యగ్రహణం అమావాస్యకి తప్ప పట్టదు కదండీ! గర్భిణులు, పెద్దవాళ్లు వేణ్ణీళ్లతో ఇంట్లోనే స్నానం చేసినా లోటేం లేదు.

అపోహ: జిల్లేడాకు ఎంత పచ్చిదైతే అంత మంచిది, పాలు కారుతుండగానే నెత్తిన పెట్టుకోవాలి.

వాస్తవం: నేను గట్టిగా వద్దనేది ఇదొక్కటే. ఏడు జిల్లేడాకులు, రేగుపళ్లు నెత్తిన, భుజాల మీద పెట్టుకుని స్నానం చెయ్యడం మన ఆచారమే. కానీ ఆ పాలు కంటికి చేటు. కంట్లో పడితే ఒక్కోసారి నొప్పి కూడా పెద్దగా తెలియదు, చూపు మసకబారాకే తెలుస్తుంది. ముందురోజు సాయంత్రమే కోసి, తొడిమలు కడిగి ఆరబెట్టండి. కోసిన చేత్తో కళ్లు నులుముకోకండి. పసిపిల్లలకి నెత్తిమీద వద్దు, భుజాన ఒక ఆకు ఆనిస్తే చాలు. పొరపాటున కంట్లో పడితే మంచినీళ్లతో బాగా కడిగి, వెంటనే కంటి డాక్టరుకి చూపించండి.

కృష్ణుడి కొడుకు సాంబుడు సూర్యుణ్ణి కొలిచి కుష్ఠు పోగొట్టుకున్నాడన్న కథ చెప్పి, ఈ స్నానంతో కుష్ఠు పోతుందనేవాళ్లూ ఉన్నారు. పూజ పూజే, మందు మందే. కుష్ఠుకి ప్రభుత్వాసుపత్రిలో మందులు ఉచితం. ఆరు నెలల నుంచి ఏడాది వాడితే నయమవుతుంది.

అపోహ: రథసప్తమినాడు అరసవల్లిలో సూర్యకిరణాలు స్వామి పాదాలు తాకుతాయి.

వాస్తవం: తాకవు. ఆ వేడుక మార్చి రెండో వారంలో, మళ్లీ అక్టోబరు మొదట్లో. ఆ రెండు సమయాల్లోనూ సూర్యుడు తూర్పున ఇంచుమించు ఒకే చోట ఉదయిస్తాడు. రథసప్తమికి ఇంకా ఆగ్నేయంగానే ఉంటాడు. ఆ రోజు అక్కడ విశేషం అర్ధరాత్రి నుంచి జరిగే క్షీరాభిషేకం, నిజరూప దర్శనం. అంత దూరం వెళ్లలేనివాళ్లకి మన గొల్లల మామిడాడ సూర్యనారాయణమూర్తి ఉన్నాడు.

ఉత్తరాయణం ఆ రోజే మొదలవుతుందన్న మాట కూడా సరికాదు. సూర్యుడు ఉత్తరానికి తిరిగేది డిసెంబరు 21, 22 ప్రాంతాల్లో. రథసప్తమి తిథిని బట్టి వస్తుంది, 2024లో ఫిబ్రవరి 16న, 2026లో జనవరి 25న వచ్చింది.

అపోహ: గోదావరిలోనో అంతర్వేది సంగమంలోనో మునగకపోతే ఫలం లేదు.

వాస్తవం: నూతి దగ్గర స్నానం చేసినా స్నానమే. దాళ్వా (రెండో పంట వరి) నాట్ల రోజులు, కాలవలు నిండుగా పారుతుంటాయి. తెల్లారకుండా పాచిపట్టిన రేవుమెట్లు దిగి పుణ్యం వెతుక్కోనక్కర్లేదు.

ఇక పాలపొంగు. పాలు తూర్పుకి పొంగితేనే శుభమని, పడమటికి పొంగితే ఏడాదంతా కీడని దిగులుపడే ఇల్లాళ్లు ప్రతి వీధిలో ఉంటారు. సంక్రాంతి గొబ్బెమ్మల పిడకలు ఒకవైపు ఎర్రగా కాలి, ఒకవైపు పొగచూరుతుంటాయి. దానికి తోడు గిన్నె ఎటు ఒరిగితే అటే పొంగు. తూర్పునే పొంగాలన్న సరదా ఉంటే గిన్నె కాస్త అటు వాల్చండి, నేనేమీ అననండి. తర్వాత కొత్తబియ్యం, బెల్లం వేసి, చెరుకుముక్కతో కలిపి, చిక్కుడాకులో వడ్డించి నైవేద్యం పెట్టండి. చిక్కుడుకాయల రథానికి కొబ్బరి ఈనెలు చాలు, బజారులో అమ్మే వెండిరథం అక్కర్లేదు.